మూడో అంతస్తు గోడ గురించి నా వాదన

1. పిండి రుబ్బిన రోజు

మా వెనకగోడ వెచ్చగా ఉంటుంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. రాశాక మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. బొమ్మ లేదు, చప్పుడు లేదు, వాసన లేదు. అయినా చదివిన ప్రతిసారీ అరచేతికి గోడ తగిలింది. మాటలు ఇంత పని చేస్తాయని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

రాయమన్నది ఆగయ్య సార్. ఆయన నాకు మార్గదర్శి. "కూర్పు చేస్తున్నన్ని దినాలు ఏం జేసినవో, ఎందుకు జేసినవో మాటల్ల రాసుకో బిడ్డా. అందం అక్కెర్లేదు" అని ఈ పుస్తకం ఇచ్చారు. విద్యాపీఠంలో ఈ అలవాటు ఆయన విద్యార్థులకు తప్ప ఇంకెవరికీ లేదు.

చివరి ఏడాదిలో మేమంతా ఒక్కో విషయం వాదించి పీఠాన్ని ఒప్పించాలి. వాదన అంటే కూర్పే. పరీక్షకులు మణికట్టుకు నాడిపట్టీ కట్టుకుని కూర్పుగదిలో కూర్చుంటారు. మేం పేర్చిన వెలుగు, చప్పుడు, వాసన, వేడి వాళ్ళ ఒంటి మీదుగా వెళ్తాయి. ఎంత ఒప్పుకున్నారో పట్టీ చెబుతుంది. మాటలు వాడకూడదు. చేరిన రోజే ప్రమాణం చేయిస్తారు: "కాగితం ఏమైనా అంటుంది, నాడి అబద్ధమాడదు." మనుషులు ఇంకా పైన, ఎండలో బతికిన కాలంలో యంత్రాలు రోజూ లెక్కలేనన్ని వాదనలు రాసి పోశాయట. ఏది ఎవరన్నదో తెలియక జనం చదవడమే మానేశారట.

నా విషయం మా గోడ. తరగతిలో చెబితే నవ్వారు. "బట్టలారేసుకునే గోడ మీద వాదనేందే!" అన్నది షాహీన్. ఆమె నా స్నేహితురాలు, కూర్పుకు వాసనలు కట్టేది కూడా ఆమే.

నవ్వనీ. ఈ రోజు అమ్మ రుబ్బిన పిండి మధ్యాహ్నానికే గిన్నె దాటి పొంగింది. నా చిన్నప్పుడు ఆ పొంగు మర్నాటికి గానీ వచ్చేది కాదు.

2. బట్టలు ఆరేసిన రోజు

కిందూరు ఒక పాత బొగ్గుగని. పైన ఎండకు ఉండలేక మా ముత్తాతలు దీంట్లోకి దిగి, సొరంగాలకు సున్నం కొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. పొద్దు మాకు కనిపించదు. అయినా పొద్దున అనే అంటాం, సాయంత్రం అనే అంటాం. మాది అన్నిటికన్నా కింద, మూడో అంతస్తు. అక్కడితో ఊరు ఆగిపోతుంది. ఆగిపోయిన చోట ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి మూసేశారు. ఆ మూతే మా గోడ. దాని వెనక తవ్వకుండా వదిలేసిన బొగ్గు ఉంది.

ఈ రోజు గోడ పొడుగునా చీరలే. మా ఇళ్ళ వరసలోని ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. నేను అరచేయి ఆనించి చూస్తుంటే పక్కింటి పోశవ్వ అత్త అందుకుంది.

"ఏందే భాగ్యా, గోడకు నాడి చూస్తున్నవా?"

"వేడి పెరిగినట్టు లేదా అత్తా?"

"పెరిగితె మంచిదే గద. పోయిన్నెల దుప్పటి ఆరుటానికి దినమంత వట్టె. గిప్పుడు గిట్లేస్తె గట్ల ఆరుతున్నది. మొదటి అంతస్తోళ్ళు ఎండ ఆపే చల్లగాలి మిషన్ల కింద చలికి వణుకుతున్నరు, మన నసీబు జూడు!"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత గోడ కింది అంచున చేయి పెట్టాను. తడి తగిలింది. పైన చీరల నుంచి కారిన నీళ్ళనుకుని తుడిచి చూశాను. కాసేపటికి మళ్ళీ తడి. గోడే చెమర్చుతోంది.

ఆగయ్య సార్ దగ్గరున్న పాత గనుల పుస్తకంలో చదివాను. మాటలతో ఉన్న పుస్తకం. మూసిపెట్టిన బొగ్గు దానంతటదే రాజుకుంటుందట. మొదట గోడ వెచ్చబడుతుంది. తర్వాత చెమర్చుతుంది. ఆ తర్వాత కిరసనాయిలు లాంటి వాసన. ఆఖరున ఒక గాలి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర.

పీఠం ఒప్పుకున్న కూర్పును పురసభ అమలు చేసి తీరాలి. నా కూర్పు నెగ్గితే మూడో అంతస్తు ఖాళీ అవుతుంది. అంటే అమ్మ, పోశవ్వ అత్త, మా వరసలన్నీ మీదికి పోతాయి. నెగ్గకపోతే ఇక్కడే ఉంటాం. ఇంత పెద్ద విషయం నా చేతికి వచ్చిందంటే భయంగానూ ఉంది, సిగ్గులేకుండా సంతోషంగానూ ఉంది.

3. షాహీన్ వచ్చిన రోజు

సీసాల పెట్టె మోసుకుని షాహీన్ వచ్చింది. మంట వాసన ఎలా కట్టాలో ఆమెకు తెలుసు. రాజుకుంటున్న బొగ్గు వాసన మాత్రం తెలియదు. ఆ వాసన చూసినవాళ్ళు ఎవరూ బతికి లేరు.

"అత్తరు లెక్క దీనికి గూడ పేరుంటె మంచిగుండు," అంటూ గోడ వెంబడి ముక్కు ఆనించుకుంటూ పోయింది. పిల్లలు ఆమె వెనకే నడుస్తూ తామూ ముక్కులు ఆనించారు. మూల దగ్గర, మట్టి చిట్లిన చోట, షాహీన్ ఆగింది. నవ్వు పోయింది.

"భాగ్యా, నేను వాసన కట్టే పని లేదు. ఈడనే ఉన్నది. సీసాల పట్టుకుంటె చాలు."

నేనూ వంగి చూశాను. పాతబడిన చెమట మీద కిరసనాయిలు చల్లినట్టుంది.

పట్టుకున్నాం. పుస్తకం చెప్పిన వరసలో మూడోది వచ్చేసింది. నాలుగోదాన్ని కూర్పులో ఎలా పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. రంగు, వాసన, చప్పుడు లేనిదాన్ని దేనితో చూపిస్తాం? ఈ పుస్తకంలో మాత్రం అది ఒక్క వరసలో వచ్చేసింది. "వాసన లేని గాలి". రాసి చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. ఇక్కడ రాయగలిగి అక్కడ చూపించలేనిది ఇదొక్కటే అనుకున్నాను.

4. ఆగయ్య సార్‌కు చూపించిన రోజు

మా కూర్పు ఇలా మొదలవుతుంది. చీకటి. వీపుకు వెచ్చదనం. గోడ లోపలి చిటపట. వెచ్చదనం సలుపుగా మారుతుంది. సీసాలోని వాసన. పిల్లల దగ్గు. ఇటుక ఒకటి లోపలికి కూలుతుంది. ఎర్రని వెలుగు. ముఖం మీద సెగ. తలుపు కోసం తడుముకునే చేతులు. తలుపు లేదు.

తలుపు బిగుసుకోని సాధన గదిలో చూసిన సార్ పట్టీ విప్పుకున్నారు. నుదురంతా చెమట.

"నేను గూడ తలుపు కోసం తడుముకున్న బిడ్డా. ఇగ ఎవ్వడు కాదనడు." తర్వాత అడిగారు. "దింపు ఏది?"

"లేదు సార్. మంట ఇంకా పుట్టనే లేదు గద, నేనెట్ల ఆర్పుత?"

"దింపు లేకుంటె తలుపు తెరుచుకోదు."

అది మరిచిపోలేదు నేను. మరిచిపోవాలనుకున్నాను, అంతే. వెనకటికి ఒక పరీక్షకుడు కూర్పు భయం ఒంట్లో ఉండగానే బయటికొచ్చి మెట్ల మీద కుప్పకూలి చనిపోయాడట. అప్పటినుంచి, లోపలివాళ్ళ నాడి మామూలుకు దిగేదాకా కూర్పుగది తలుపు తెరుచుకోదు. అందుకే ప్రతి కూర్పు చివరా దింపు ఉండాలి. వాన చప్పుడో, జోలపాటో. వసతిగృహంలో దింపుల్ని ఊరగాయ జాడీల్లా ఒకరి నుంచి ఒకరు అడిగి తెచ్చుకుంటారు.

"నా దగ్గర తడిమట్టి వాసన ఉన్నది. మా సీనియరక్క ఇచ్చిపోయింది," అన్నది షాహీన్. "మంట మీద పోసెయ్. ఆరిపోతది."

"ఆరిపోయిందనుకుంటరు గదనే! నేను అబద్ధం పెట్టను."

సార్ నా వైపు చూశారు. ఆయన కళ్ళలో మెచ్చుకోలు కనబడింది. "అబద్ధం లేని దింపు తేగలవా మరి?" అన్నారు.

5. ఇల్లు ఊడ్చిన రోజు

దొరికింది! ఊడుస్తూ ఊడుస్తూ చీపురు వదిలేసి షాహీన్ దగ్గరికి పరుగెత్తాను.

నిజంతోనే దింపుదాం. మంట తర్వాత మా వరసనే చూపిద్దాం, ఈ రోజు ఎలా ఉందో అలా. గోడకు చీరలు. పోశవ్వ అత్త నవ్వు. పిండి పొంగిన వాసన, పెనం మీద దోశ చుయ్యిమనడం, వీపుకు హాయిగా తగిలే వేడి. దీంట్లో ఒక్క అబద్ధం లేదు. వీళ్ళను కాపాడాలని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? నాడీ దిగుతుంది, వాదనా నిలుస్తుంది.

సార్ చూసి, "మంచిగున్నది బిడ్డా. దింపు గూడ వాదననే చెయ్యచ్చని నాకు ఇన్నేండ్లల్ల తట్టలే," అన్నారు. ఈ రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషానికి.

6. పరీక్ష రోజు

కూర్పుగది బయట బల్ల మీద నేనూ షాహీనూ చేతులు పట్టుకుని కూర్చున్నాం. లోపల ముగ్గురు పరీక్షకులు. తలుపు పక్కనున్న దీపం వాళ్ళ నాడితో పాటు కొట్టుకుంటుంది. మంట దగ్గర అది ఆగకుండా అదిరింది. తర్వాత మెల్లగా, ఎంతో మెల్లగా, పడుకున్న పిల్ల ఊపిరిలా అయింది.

తలుపు తెరుచుకుంది. పెద్ద పరీక్షకురాలు ప్రమీలాదేవి మేడం ముందుగా వచ్చారు. కళ్ళు తడిగా ఉన్నాయి. నా చెంప మీద చెయ్యి వేశారు.

"మా అమ్మ వంటిల్లు యాదికొచ్చిందమ్మా. ఎంత సుకంగ ఉన్నదో ఆ గోడ!"

ఇటీవల ఏ కూర్పుకూ ఇంత ఒప్పుదల రాలేదట. షాహీన్ నన్ను ఎత్తి తిప్పింది. నేను నవ్వుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాక, కాళ్ళు కడుక్కుంటుండగా, ఆ మాట మళ్ళీ చెవిలో పడింది. సుకంగ ఉన్నదో.

7. పురసభ చాటింపు రోజు

చాటింపు అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి వచ్చింది. పాట, వెలుగు, వెచ్చదనం. మూడో అంతస్తు గోడ వేడి కిందూరుకు వరమని విద్యాపీఠం ఒప్పుకుంది కాబట్టి, మొదటి అంతస్తు చలిలో వణుకుతున్న పసిపిల్లల బడిని ఆ గోడ పక్కకు దింపుతున్నారు.

మా వరసంతా చప్పట్లు కొట్టింది. నేను మెట్లన్నీ ఎక్కి ప్రమీలాదేవి మేడం గదికి పరుగెత్తాను.

"మేడం, ముందుగా పెట్టిన మంట ఇంకా రాలేదు. రాబోతున్నది. వెనక పెట్టింది ఇప్పటిది. మీరు తిరగేసి తీసుకున్నరు."

ఆమె కోప్పడలేదు. నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

"భాగ్యా, నేను లోపల కాలిపోయిన. తర్వాత చల్లబడ్డ. అది నా ఒంట్ల జరిగింది గద. జరిగినదాన్ని జరగలేదంటె ఎట్ల నమ్మాలె?"

"నేను చెప్తున్న గద మేడం!"

"చెప్పేది ఎవ్వలైన చెప్తరమ్మా. నువ్వే చూపించినవు, మంట పోయినంక మనుషులు ఎంత చల్లగ బతుకుతున్నరో." నిజంగా జాలిపడుతూ అన్నారు. "ఇంకో వాదన ఉన్నదంటవా, ఇంకో కూర్పు తే. వచ్చే ఏడు చూస్తం."

"దాంట్ల గూడ దింపు పెట్టాల్నా?"

"పెట్టకుంటె మేం బయటికెట్ల వస్తం?"

గ్లాసు బల్ల మీద పెట్టి మెట్లు దిగాను. ఎంత భయం చూపించినా, ఆఖరున ఆ భయాన్ని తీసేసి పంపాలి. తీసేస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు దాటి ఏ హెచ్చరికా ఇప్పటిదాకా బయటికి రాలేదన్నమాట. అయినా మేమంతా ఆ తలుపు బయటే కూర్చుని, దీపం మెల్లబడితే చప్పట్లు కొట్టాం.

8. కాగితం ఇచ్చిన రోజు

మాటల్లో రాశాను. గోడ ఎప్పుడు వెచ్చబడింది, ఎప్పుడు చెమర్చింది, వాసన ఏ మూల నుంచి వస్తోంది. ఆ వరసకు అర్థం ఏమిటి. కాదనేవాళ్ళు ఏమనవచ్చు, అది ఎందుకు నిలవదు. నాలుగోది వచ్చినప్పుడు ఎవరికీ ఎందుకు తెలియదు. "ఇంకా", "అయితే", "కాబట్టి", "లేకపోతే" లాంటి చిన్న మాటలు ఎంత బరువు మోస్తాయో రాస్తుంటే తెలిసింది. నా బతుకులో నేను చేసిన మంచి పని ఇదొక్కటే.

పీఠంలో మాటలు చదవగలిగే పరీక్షకుడు ఆగయ్య సార్ ఒక్కరే. నియమం ప్రకారం ఆయనకు పట్టీ కట్టి చదివించారు. నేను ఎదురుగా నిలబడ్డాను. సార్ పెదవులు కదుపుతూ నిదానంగా చదివారు. ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళారు. మళ్ళీ ముందుకు వచ్చారు. చివరి పుట మూసి అద్దాలు తీశారు.

"ఒప్పుకున్న బిడ్డా. దీంట్ల ఒక్క మాట తీసెయ్యరాదు. పిల్లలను గాడికి పంపద్దు."

గుమస్తా పట్టీ చూశాడు. నాడి మొదలైన చోటే ఉంది. ఆలోచించేవాడి నాడి కదలదు. ఒప్పుదల లేదని రాసుకుని పట్టీ విప్పాడు.

"నేను ఒప్పుకున్ననయ్యా, నోటితోటి చెప్తున్న!" అన్నారు సార్.

"మీ చెయ్యి ఒప్పుకోలే సార్," అన్నాడు గుమస్తా, మర్యాదగానే.

బయటికి వచ్చాక సార్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. పట్టీ గుర్తు పడిన మణికట్టు రుద్దుకుంటూ నవ్వబోయారు. "మెట్లెక్కి ఉరికొచ్చి కూసుంటె నాడి కొట్టుకుంటుండె. ఆ బుద్ధి గూడ నాకు రాకపాయె. నిమ్మళంగ కూసోని చదివితి." తర్వాత నా వైపు చూడలేకపోయారు.

9. మళ్ళీ పిండి రుబ్బిన రోజు

షాహీన్, నేను ఇంటింటికీ తిరిగాం. ఎక్కడా తలుపు వేయలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టారు, దోశ పెట్టారు. "నీ కూర్పు మా వరసల పెట్టి చూపించిండ్రు బిడ్డా, మస్తుగున్నది," అన్నారు. పోశవ్వ అత్త తన నవ్వు అందులో విన్నదట. విన్నప్పటినుంచీ అలాగే నవ్వడానికి చూస్తోంది.

అమ్మనైనా కదిలిద్దామనుకున్నాను.

"మనమన్న మీదికి పోదాం అమ్మా. మొదటి అంతస్తుల ఏదో మూలకుందాం."

"ఆ చలిలనా? ఎందుకు?"

"ఈ గోడ ఎనక మంట రాజుకుంటున్నది."

"నాకు తెల్వదా? నీకంటె ముందుసంది నాకు ఆ గోడంటె గుబులుండె. ఎవ్వలకు చెప్పుకోలే." అమ్మ నా జుట్టు వెనక్కి సర్దింది. "నీ కూర్పు చూసినంక ఆ గుబులు పోయింది బిడ్డా. కడుపుల ఉన్నదంత కడిగినట్టు పోయింది. ఎన్నేండ్లకో ఇంత మంచిగ నిద్రపట్టె. నువ్వే తీసేసి, మళ్ళ నువ్వే పెడుతవా?"



కాసేపటికి అమ్మ లేచి పిండి గిన్నె మూత తీసింది. గోడ వైపు పిండి గట్టిపడి, అంచున అట్టులా ఎండింది. పుల్లని వాసన. "పాడైపోతున్నది," అంటూ గిన్నెను రెండు చేతులా ఎత్తి, గోడకు దూరంగా, తలుపు పక్కకు మార్చింది. ఎవరూ వాదించకుండానే మార్చింది.

"నువ్వు గూడ గాడ పండుకో అమ్మా," అన్నాను.

"పిండంటె పులుస్తది. నాకేమైతది?" అని నవ్వి, చాప తెచ్చి గోడ పక్కనే పరిచింది.

10. బడి దిగిన రోజు

మంచి కూర్పు చేసినందుకు నాకు ఉద్యోగం ఇచ్చారు. పసిపిల్లల బడిలో, మధ్యాహ్నం పడుకునే వేళకు, నా కూర్పు నడపాలి. మొత్తం కాదు. పిల్లలు బెదురుతారని మంట భాగం కత్తిరించేశారు. దింపు ఒక్కటే ఉంచారు. చీరలు, నవ్వు, దోశ చుయ్యిమనడం.

షాహీన్ వద్దన్నది. "దింపుడుకల్లం ఆశనే అది. చచ్చినోని చెవుల పేరు పెట్టి పిలిచినట్టు. నాతోని పైకి రా."

"నువ్వు పో," అన్నాను. "పిలిచేటోళ్ళు ఒకరుండాలె గద."

11. వారం గడిచాక

బడికి ఆయాగా పోశవ్వ అత్తనే పెట్టారు. పిల్లల్ని గోడ వెంబడి వరసగా పడుకోబెడుతుంది.

"చూసినవా భాగ్యా? మీదున్నప్పుడు ఒక్కడు పండకపోతుండె. గీడికొచ్చినంక పేచీ లేదు, ఏడుపు లేదు. నీ పుణ్యమే."

తల్లులు కూడా అదే అంటున్నారు. పిల్లలు ఇంటికి వచ్చాక కూడా మత్తుగా, బుద్ధిగా ఉంటున్నారట. మల్లిక అనే పాప మాత్రం నా కొంగు పట్టుకుని, "అక్కా, తల నొస్తంది," అన్నది. నేను పోశవ్వ అత్త వైపు చూశాను. అత్త కూడా నుదుటికి గుడ్డ కట్టుకుని ఉంది.

మూల దగ్గర వాసన తగ్గింది. వరసలో అందరూ సంతోషించారు. గోడ చిట్లిన చోట బొగ్గు ముక్కతో పెద్ద అక్షరాల్లో రాశాను: దీని వెనక మంట ఉంది, పైకి వెళ్ళండి. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆ గీతలను వేలితో దిద్దారు. బాగుందన్నారు. ఒకడు పక్కన పిట్టను గీశాడు.

12. ఈ రోజు

కూర్పు ఆపేశాను. ఆపినట్టు ఎవరూ గమనించలేదు. ఆ కూర్పు లేకుండానే పడుకుంటున్నారు.

ఇప్పుడు నా పని లేపడం. రాసి, చూపించి, చెప్పి అయిపోయింది. పోశవ్వ అత్త తిడుతుంది, "పండుకున్న పోరగాళ్ళను సతాయిస్తవేందే, పాపం తగుల్తది" అని. ఆ తిట్టడం కూడా సగంలో ఆపి ఆవులిస్తుంది. నేను వరస మొదటి నుంచి మొదలుపెడతాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను, భుజం పట్టి ఊపుతాను, కళ్ళు తెరిచేదాకా వదలను. వరస చివరికి చేరేసరికి మొదటివాళ్ళు మళ్ళీ పడుకుంటారు. మళ్ళీ మొదటికి వస్తాను. నా తల కూడా బరువుగా ఉంది. అక్షరాలు వంకర పోతున్నాయి, సార్ మన్నించాలి.

మల్లిక ఎంత పిలిచినా పలకలేదు. ఎత్తుకుని మెట్ల దగ్గరికి మోసుకెళ్ళి, ముఖం మీద నీళ్ళు చల్లి, చెవిలో పేరు పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. మళ్ళీ.

"అక్కా, నిద్రొస్తంది," అన్నది.

ఈ రోజు అందరూ లేచారు.